నడుం మీద జీడి

బుల్లియ్యకి ఐదో తరగతితో చదువు ఆగిపోయింది. ఇంట్లో లేమి వల్ల ఆగిందని నలుగురిలో చెప్పుకుంటాడు గాని అసలు సంగతి వేరు. మేష్టారు ఏం చెప్పినా "ఎందుకండి" అని అడిగేవాడు. సముద్రపు నీళ్ళు ఉప్పగా ఉంటాయని ఆయన చెబితే ఎందుకండి అన్నాడు. నదులు ఉప్పు మోసుకొచ్చి కలుపుతాయిరా అని మేష్టారు ఓపిగ్గానే చెప్పాడు. మరైతే గోదారి నీళ్ళు తియ్యగా ఎందుకున్నాయండి అన్నాడు. ఆ పూట విరిగిన బెత్తంతో పాటే చదువూ విరిగింది.

అప్పట్నించీ లోకం మీద అతనికొక కసి. మొగల్తూరు అవతల, సముద్రం ఒడ్డున, బోట్ల ఇంజన్లు బాగుచేసుకుంటూ జుట్టు నెరిసేదాకా బతికాడు. ఇంజను ఎందుకు ఆగిందో ఇంజనే చెబుతుంది. విప్పితే ఏదీ దాచుకోదు. మనుషుల్లో ఆ గుణం లేదు. రేవు ఆఫీసులో అడిగితే రూలు అంతే అంటారు, బ్యాంకులో అడిగితే సిస్టం అంతే అంటారు. చదువుకున్నవాడు తనకి తెలియదని ఒప్పుకోలేక అడిగినవాణ్ణి వెర్రివాణ్ణి చేస్తాడు. ఇది బుల్లియ్య అనుభవం. ఆ అనుభవాన్ని కాదనడానికి ఊళ్ళో ఎవరి దగ్గరా పెద్ద సాక్ష్యం కూడా లేదు.

అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం నరసాపురంలో ఒక ఆసుపత్రి వసారాలో నిలబడి, బీపీ అంటే ఏంటండి అని నర్సుని అడిగాడు. బీపీ అంటే బీపీయేనండి, కాస్త పక్కకి జరగండి అని ఆవిడ సెలైను సీసా పట్టుకుని లోపలికి పోయింది.

లోపల మంచం మీద ఉన్నది అతని కూతురు వీరదుర్గ. తొలి కాన్పు. పుట్టింట్లో పురుడు పోసుకుందామని వచ్చింది. అల్లుడు ప్రసన్నకుమార్ కాకినాడ బోటు మీద వేటకెళ్ళి సముద్రంలో ఉన్నాడు, ఫోను అందడం లేదు. నెల రోజులుగా పిల్లకి కాళ్ళు ఉబ్బుతున్నాయి. నెలలు నిండే పిల్లకి నీరు దిగడం మామూలేనని తల్లి తలుపులమ్మ అంది. ఊళ్ళోకొచ్చే నర్సమ్మ మాత్రలిచ్చి, ఎండుచేపలు మానెయ్యమని చెప్పింది. ఎండుచేపల వాసనతోనే తెల్లవారే ఇంట్లో ఆ మాట ఎంత నిలబడుతుందో ఆవిడకీ తెలుసు. ఆ రోజు పొద్దున్న వీరదుర్గ తల పగిలిపోతోందని, కళ్ళ ముందు మిణుగురులు ఎగురుతున్నాయని అంటే అప్పుడు ఆటో ఎక్కించారు.

కాన్పుల డాక్టరు ఆశాజ్యోతి గారు చేతికి పట్టీ చుట్టి చూసి, మారు మాట్లాడకుండా నరంలోకి సూది పెట్టించింది. మాట తర్వాత చెప్పింది. రక్తపు పోటు బాగా ఎక్కువగా ఉంది, మూత్రంలో తేడా ఉంది, ఇది ముదిరితే మీవాళ్ళు గుర్రపువాతం అంటారే అదొస్తుంది, రాకుండా ఇంజెక్షన్ ఎక్కిస్తున్నాను, కాని దీనికి అసలు మందు బిడ్డ బయటకి రావడమే, అందుకని ఈ పూటే ఆపరేషన్ చేసేద్దాం అంది.

గుర్రపువాతం అన్న మాట వినగానే తలుపులమ్మ స్తంభాన్ని పట్టుకుంది. వాళ్ళ పిన్ని అలాగే పోయింది. కాన్పు నొప్పుల్లో ఒళ్ళంతా కొట్టుకుని, నాలుక కరుచుకుని, బిడ్డతో సహా. ఇంట్లో ఆ కథ ఎవరూ పూర్తిగా చెప్పరు.

మత్తు డాక్టరు రావాలి, ఆయన పాలకొల్లులో ఒక ఆపరేషన్ ముగించుకుని వస్తున్నాడు అన్నారు. బుల్లియ్యకి అదీ వింతగానే అనిపించింది. ఆసుపత్రికొక మత్తు డాక్టరు ఉంటాడనుకున్నాడు. కాదట. ఒకాయన కారులో పెట్టె వేసుకుని ఈ ఊరూ ఆ ఊరూ తిరుగుతూ, ఎక్కడ ఎవరిని కోస్తే అక్కడికి పోతుంటాడట. తనూ అంతే. ఏ ఒడ్డున ఇంజను మొరాయిస్తే ఆ ఒడ్డుకి సంచీ పట్టుకుని పోవడం. కాకపోతే తనకి కారు లేదు, చచ్చిపోయే ఇంజన్లు తనని ఏడిపించవు.

వచ్చినాయన పేరు సత్యప్రసాద్. బక్కపలచని మనిషి, నుదుటి మీద చెమట. పెట్టె తెరిచి ఒక్కో సామానూ బల్ల మీద పెట్టుకుంటుంటే బుల్లియ్య గుమ్మంలోంచి పనివాడి కళ్ళతో చూశాడు. గొట్టాలు, చిన్న చిన్న సీసాలు, కొడవలిలా వంగిన ఒక ఇనప బద్ద, దాని చివర చిన్న లైటు. డాక్టరు ఆ లైటు వెలుగుతోందో లేదో రెండుసార్లు నొక్కి చూసుకున్నాడు. బయల్దేరేముందు సంచీలో పానాలు సరిచూసుకునే మనిషి మీద బుల్లియ్యకి తెలియకుండానే కాస్త గౌరవం కలిగింది.

ఆయన ముందు వీరదుర్గని నోరు తెరవమన్నాడు. నాలుక చాపమన్నాడు. మెడ వెనక్కి వంచమన్నాడు. గొంతు ఏమైనా మారిందా, రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడుతోందా అని అడిగాడు. మొహం ఉబ్బి, కళ్ళు సగం మూసుకుపోయిన పిల్ల, మందు వేడికి ఒళ్ళంతా కాలిపోతున్నట్టుందని మెల్లగా చెప్పింది. అది ఆ మందు గుణమేనమ్మా, కాసేపట్లో అలవాటవుతుంది అన్నాడు.

బుల్లియ్య ఆగలేకపోయాడు.

"కోసేది కడుపు కదండి. నోరెందుకు చూస్తున్నారండి?"

తలుపులమ్మ మోచేత్తో పొడిచింది. నర్సు చురచుర చూసింది. డాక్టరు మాత్రం వెనక్కి తిరిగి, ఎవరీయన అన్నట్టు ఒకసారి చూసి, జవాబు చెప్పాడు. చెప్పడం కూడా విసుక్కోకుండా, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"మత్తుకి రెండు దారులండి. ఒకటి వెన్నులో సన్న సూది. నడుం కిందంతా మొద్దుబారిపోతుంది, మనిషి మెలకువగానే ఉంటుంది, ఊపిరి తనే పీల్చుకుంటుంది. రెండోది పూర్తి మత్తు. అప్పుడు ఊపిరి నేనివ్వాలి, గొంతులోకి గొట్టం వెయ్యాలి. అమ్మాయి కాళ్ళకి పట్టిన నీరు చూశారుగా, గొంతులోనూ అదే నీరు ఉండొచ్చు. దారి ఇరుకైపోతుంది. అందుకని చూసుకుంటున్నా."

బుల్లియ్య నోరు తెరుచుకుని విన్నాడు. అడిగితే చెప్పే డాక్టరు ఒకడుంటాడని అతను ఎన్నడూ అనుకోలేదు. అంతలోనే మనసులో గుచ్చుకుంది. వెన్నులో సూది.

ఆటోలో వస్తున్నంతసేపూ తలుపులమ్మ చెవిలో పోరింది అదే. వాళ్ళు వెన్నులో సూది అంటారు, ఒప్పుకోకు, పూర్తి మత్తే ఇమ్మను. వాళ్ళ వీధిలో సంపూర్ణమ్మకి కాన్పులో వెన్ను సూది వేశారు. ఆవిడ ఇప్పుడు చీపురు పట్టి వంగలేదు, బిందె ఎత్తలేదు. చేపలమ్మే ఆడదానికి నడుమంటే బోటుకి ఇంజను లాంటిది. రేవులో వేలంపాటలో పాడుకున్న చేప గంపకెత్తి, నెత్తిన పెట్టుకుని, ఊళ్ళు తిరిగి అమ్మితేనే ఆ పూట గడిచేది. వీరదుర్గ కూడా అత్తవారింట్లో అదే పని. ఐదో నెలదాకా గంప దించలేదు.

అందుకే నడుం నొప్పి అంది. అంటే మొన్న తలుపులమ్మ జీడి పెట్టింది. నల్లజీడి గింజని దీపం మీద వేడి చేసి, అందులోంచి ఊరిన నల్లటి జిడ్డుని సూదిమొనతో తీసి, నడుం మీద వరసగా చుక్కలు పెట్టడం. చాకళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టే జీడే అది. బట్ట మీద ఎన్నాళ్ళైనా పోనిది ఒంటి మీద ఊరుకుంటుందా. మంటెత్తి, పొక్కుతుంది. పొక్కితే నొప్పి లాగేసిందని లెక్క. వాళ్ళ అమ్మ పెట్టింది, వాళ్ళ అమ్మమ్మ పెట్టింది. ఊళ్ళోకొచ్చే నర్సమ్మ అలాంటివి చూస్తే అందరి ముందూ తిట్టిపోస్తుందని, చీర కట్టు పైకి లాగి కప్పుకోమని కూతురికి చెప్పింది.

ఇప్పుడు డాక్టరు అమ్మాయిని పక్కకి తిప్పి, వీపు మీద బట్ట తీశాడు.

నడుం మధ్యలో, వెన్నుపూస మీదుగా, రెండు పక్కలకీ పొక్కులు. కొన్ని చితికి తడిగా ఉన్నాయి. జీడి పొంగి చుట్టూ ఎర్రగా కమిలిపోయింది. డాక్టరు చెయ్యి గాల్లోనే ఆగింది. ఇవేంటమ్మా అని అడిగాడు.

వీరదుర్గ తల్లి వైపు చూసింది. తలుపులమ్మ కూతురి చెయ్యి గట్టిగా నొక్కి, తొణక్కుండా చెప్పింది.

"ఆటలమ్మ పోసిందేమోనండి. మా వీధిలో పిల్లలకి పోస్తోంది."

బుల్లియ్య చెవులు నమ్మలేదు. ఆటలమ్మ పేరెత్తితే ఇంట్లో పోపు కూడా పెట్టని మనిషి, వేపాకు మండ గుమ్మానికి కట్టందే ఊరుకోని మనిషి, ఆ తల్లి పేరు అబద్ధానికి వాడింది. అయితే ఆమె మొహంలో భయం కనిపించలేదు. పని జరిగినట్టు ఒక నిబ్బరం కనిపించింది. అప్పుడర్థమైంది బుల్లియ్యకి. తిట్ల నుంచి తప్పించుకోవడానికి కాదు ఆ అబద్ధం. ఆ పొక్కులుంటే అక్కడ సూది వెయ్యరని డాక్టరు చెయ్యి ఆగిన తీరులోనే కనిపెట్టేసింది. కూతురి నడుం కాపాడేస్తోంది.

డాక్టరు పిల్ల మొహం, మెడ, ఛాతీ, చేతులు వెతికాడు. ఎక్కడా ఒక్క పొక్కు లేదు. జ్వరముందా అన్నాడు. లోపల్లోపల ఉందండి అంది తలుపులమ్మ. ఆయన బయటికొచ్చి ఆశాజ్యోతి గారిని పిలిచాడు. వసారా చివర ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. పూర్తి మత్తు, గొట్టం, బిడ్డని వేరే గదిలో అన్న ముక్కలు బుల్లియ్య చెవిన పడ్డాయి. ఎక్కువసేపు ఆలోచించే వీలు లేదని కూడా ఆవిడ అంటోంది. ఆవిడ బట్టలు మార్చుకోవడానికి వెళ్ళగానే బుల్లియ్య డాక్టరు ఎదురుగా నిలబడ్డాడు.

పూర్తి మత్తయితే ఏమవుతుందండి అని అడిగాడు. గొట్టం దిగదా?

"దిగుతుందండి, దింపుతాను. దిగేటప్పుడే భయం. గొంతులో గొట్టం తగిలితే ఒళ్ళు ఉలిక్కిపడి పోటు ఒక్కసారి ఎగదన్నుతుంది. మామూలు మనిషైతే పెరిగి తగ్గుతుంది. మీ అమ్మాయికి ఇప్పటికే అంచున ఉంది. ఆ క్షణంలో తలలో నరం చిట్లొచ్చు. చిట్లకుండా మందులిచ్చే చేస్తాం, చేసిన రోజులున్నాయి. కాని రెండు దారులూ తెరిచుంటే నేనా దారిన వెళ్ళను."

తలలో నరం. బుల్లియ్య కూతురున్న గది వైపు చూశాడు. అయినా బుర్ర ఊరుకోలేదు. ఇన్నేళ్ళ పని అది. పోటెక్కువైందంటే పంపు ఎక్కువ తోసేస్తున్నట్టు కదండి, కాస్త రక్తం తీసి వదిలేస్తే దిగదా అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. డాక్టరు నవ్వలేదు.

"అందరూ అలాగే అనుకుంటారు. పంపు కాదండి, పైపులు బిగుసుకుపోయాయి. అందులో నీరు పైపుల గోడల్లోంచి ఒంట్లోకి ఊరిపోతోంది. అందుకే పైకి ఉబ్బింది గాని లోపల రక్తం తక్కువే. ఇప్పుడు రక్తం తీస్తే మనిషే పోతుంది. సెలైను ఎక్కువ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో దిగుతుంది. వెన్నులో వేసే మందు ఆ పైపుల్ని కాస్త వదులు చేస్తుంది. మరీ వదులైపోకుండా నేను తల దగ్గరే కూర్చుని కాస్తాను. ఈ జబ్బుకి ఆ దారే మంచిది."

తను అనుకున్నది తప్పని తేలడం బుల్లియ్యకి అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు. పైపులా! అదే కదా, ఇంజను చప్పుడు మారకుండానే గేజు ఎగబాకితే తనూ వెతికేది పైపులనే. కాని ఆ హాయి ఒక్క క్షణమే. మరి అదే మంచిదైతే ఆ నాలుగు పొక్కులకి ఎందుకు వెనకాడుతున్నారని అడిగాడు.

వెన్నులో నీరుంటుందని, అది మెదడు దాకా ఒకటే నీరని, పైన కుళ్ళు ఉన్న చోట సూది గుచ్చితే ఆ కుళ్ళు లోపలికి పోతుందని ఆయన చెప్పాడు. ఆటలమ్మే అయితే ఆ క్రిమి రక్తంలోనే తిరుగుతుంటుంది, అప్పుడు పక్కన మంచి చర్మం చూసి గుచ్చడానికి కూడా నాకు చెయ్యి రాదు, పుట్టిన బిడ్డనీ తల్లి పక్కన ఉంచలేం అన్నాడు. కాని ఆటలమ్మ ఇలా ఒక్క నడుం మీదే వరస కట్టినట్టు పొయ్యడం నేనెక్కడా చూళ్ళేదండి, ఒట్టి పసరు పొక్కులైతే సంగతి వేరుగా ఉండేది అని బుల్లియ్య మొహంలోకి చూశాడు.

ఆయనకి అనుమానం ఉంది. అనుమానంతో సూది గుచ్చలేడు. తెలిసినవాడు చెప్పాలి.

పది అడుగుల అవతల తలుపులమ్మ నిలబడి ఇటే చూస్తోంది. ముప్పై ఏళ్ళ కాపురంలో నలుగురిలో ఆమె మాట అతను తీసెయ్యలేదు. తీసేస్తే ఏమవుతుంది? సూది వేస్తారు. రేపు పిల్ల నడుం పట్టుకుని గుమ్మంలో కూర్చుంటే, చూడు నీ నిజం అంటుంది. ఆ మాట చచ్చేదాకా పడాలి. తియ్యకపోతే? గొట్టం దిగేటప్పుడు ఉలిక్కిపడే ఒళ్ళు.

చివరి ప్రశ్న అడిగాడు. "వెన్ను సూది వేస్తే జన్మంతా నడుం పోతుందంటారండి. మా వీధిలో ఒకావిడకి పోయింది. నిజం చెప్పండి బాబూ."

డాక్టరు గడియారం చూసుకున్నాడు గాని కదల్లేదు. గుచ్చిన చోట నాలుగు రోజులు నొప్పి ఉండొచ్చు, కొందరికి తలనొప్పి వస్తుంది, అది తగ్గుతుంది, జన్మంతా ఉండే నడుం నొప్పి సూది వల్ల రావడం చాలా అరుదండి అన్నాడు. మీరు చెప్పే ఆవిడ ఎవరో, ఆవిణ్ణి చూడకుండా అది దీనివల్ల కాదని నేను ఒట్టు వెయ్యను. కాని కాన్పయ్యాక ఆవిడ ఎన్నాళ్ళు పడుకుంది?

పడుకోవడమా! సంపూర్ణమ్మ పురిటి స్నానం అయిన వారానికే గంపెత్తింది. మొగుడు తాగుబోతు. కుట్లు ఇంకా పచ్చిగా ఉండగా చేపలమ్మింది. ఊరంతా చూసింది. మెచ్చుకుంది కూడా. సూదిని తిట్టుకోవడం సులువు. సూదికి మొగుడు లేడు, పుట్టిల్లు లేదు, ఎదురు తిరిగి మాట్లాడదు.

"అది ఆటలమ్మ కాదండి," అన్నాడు బుల్లియ్య. "జీడి. మొన్న పెట్టాం. నడుం నొప్పికి."

తలుపులమ్మ వచ్చేసింది. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది అతనికి.

"రేపు దాని గంప నువ్వెత్తుతావా?" అంది.

"ఎత్తుతాను," అన్నాడు. "అది ఉంటే కదా గంప."

ఆమె గోడ వైపు తిరిగి, రెండు చెంపలూ వేసుకుంది. ఆ లెంపలు అమ్మవారికో, కూతురికో అతనికి తెలియలేదు. అడగలేదు కూడా. అడక్కూడని చోటు ఒకటుందని ఆ పూట తెలిసింది.

డాక్టరు ఎవరినీ ఏమీ అనలేదు. ఎన్ని చుక్కలు పెట్టారు, ఎక్కడిదాకా కారింది, చీము వచ్చిందా, దాని మీద ఇంకేమైనా పూశారా అని గబగబా అడిగాడు. తలుపులమ్మ గోడ వైపు తిరిగే జవాబు చెప్పింది. కొబ్బరినూనె తప్ప ఏమీ పుయ్యలేదని, చీము లేదని, జ్వరమూ లేదని. ఆయన లోపలికెళ్ళి లైటు దగ్గరికి లాక్కుని మళ్ళీ చూశాడు. ఈసారి వీరదుర్గ తనే చెప్పింది. అమ్మ తప్పేం లేదండి, నేనే పెట్టమన్నాను అంది. ఎవరి తప్పూ ఇప్పుడు నాకక్కర్లేదమ్మా, నాకు ఒక అంగుళం మంచి చర్మం కావాలి అని ఆయన వేలితో వెన్ను గణుపుల్ని ఒక్కొక్కటే నొక్కుకుంటూ కిందికి దిగాడు. జీడి పొంగు ఆగిపోయిన చోటికి కింద, ఒక గణుపు సందు దగ్గర, వేలు ఆపాడు.

"ఇక్కడ శుభ్రంగా ఉంది. ఇందాక చేసిన రక్తపరీక్ష కూడా బాగానే వచ్చింది. ఆశాజ్యోతి గారూ, వెన్నులోనే ఇచ్చేద్దాం."

ఆ తర్వాత అన్నీ తొందరగా జరిగాయి. పిల్లని తోసుకుపోయారు. థియేటరు తలుపుకి గుండ్రటి అద్దం ఉంది. బుల్లియ్య దానికి కన్ను ఆనించాడు. వీరదుర్గని కూర్చోబెట్టి, ఒక నర్సు భుజాలు పట్టుకుని ముందుకి వంచింది. డాక్టరు నడుమంతా ముందు మందుతో తుడిచాడు, ఆరనిచ్చాడు, మళ్ళీ తుడిచాడు. పొక్కులున్న చోట్లని గుడ్డతో కప్పేశాడు. సూది కనిపించలేదు. అంత సన్నం. ఆయన మోచెయ్యి మాత్రం కనిపించింది. కాస్త పక్కవాటంగా, చాలా మెల్లగా, ఎదురు తగిలితే ఆగుతూ, వదిలితే సాగుతూ. ఆ ఆగడం, సాగడం బుల్లియ్యకి అర్థమైంది. బలం పెట్టకూడని చోట బలం పెట్టని చెయ్యి అది. తర్వాత నర్సు వచ్చి అద్దానికి అడ్డంగా తెర లాగేసింది.

తెర అంచున ఒక సందు మిగిలింది. అందులోంచి ఒక పెట్టె, దాని మీద వెలిగే అంకెలు కనబడ్డాయి. ఏది దేనికో తెలియదు. పైనున్న పెద్ద అంకెని పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. అది దిగుతోంది. దిగడం మంచిదన్నాడు కదా అనుకున్నాడు. ఇంకా దిగింది. మరీ దిగకుండా కాస్తానన్నాడు కదా. ఒక చెయ్యి వచ్చి గొట్టంలోకి ఏదో ఎక్కించింది. అంకె ఆగింది. కాస్త పైకొచ్చింది. గేజు ముందు ఇంత భయంతో అతను ఎప్పుడూ నిలబడలేదు. తలుపులమ్మ వెనకనుంచి ఏమంటున్నాయవి అని అడగలేదు. కాని అతని మొహమే చూస్తోందని వీపుకి తెలిసింది.

బిడ్డ ఏడుపు వినిపించింది. గట్టి ఏడుపు కాదు, పిల్లి కూత. ఆడపిల్ల. నెలలు నిండకుండా వచ్చింది, బరువు తక్కువ, కొన్నాళ్ళు వెచ్చటి పెట్టెలో ఉంచాలి, కాని ఊపిరి బాగుంది అని నర్సు తెచ్చి చూపించి తీసుకుపోయింది. ఆ చూపించిన రెప్పపాటులో తలుపులమ్మ పాప వేళ్ళు లెక్కపెట్టేసింది.

సత్యప్రసాద్ గారు పెట్టె సర్దుకుంటూ బయటికొచ్చాడు. జేబులో ఫోను మోగుతూనే ఉంది, భీమవరం నుంచి. అమ్మాయి మెలకువగా ఉందని, పోటు దిగిందని, అయితే గండం పూర్తిగా గడవలేదని చెప్పాడు. కాన్పు తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు, ఆ మందు రేపటిదాకా ఎక్కుతూనే ఉండాలి, తలనొప్పన్నా కళ్ళు మసకన్నా వెంటనే నర్సుకి చెప్పాలి. నడుం మీద గాయానికి మందు రాశాం, చీర తగలనివ్వకండి. మళ్ళీ జీడి పెట్టకండమ్మా అని తలుపులమ్మతో అన్నాడు. ఆమె తల ఊపింది.

కాళ్ళు ఎప్పుడొస్తాయండి అని బుల్లియ్య అడిగాడు. సాయంత్రానికల్లా వస్తాయి, ముందు పాదం కదులుతుంది, తర్వాత మోకాలు, సాయంత్రం దాటినా కదలకపోతే నాకు ఫోను చేయించండి అని చెప్పి ఆయన కారెక్కేశాడు.

వీరదుర్గని గదిలోకి తెచ్చారు. మొహం ఇంకా ఉబ్బే ఉంది గాని కళ్ళు తేటపడ్డాయి. కడుపు మీద ఎవరో గిన్నెలు తోముతున్నట్టు అనిపించింది గాని నొప్పి లేదంది. ఆ డాక్టరు తల దగ్గర కూర్చుని ఒకటే కబుర్లట. పండుగొప్ప పులుసులో మావిడికాయ ఎప్పుడు వెయ్యాలని అడిగాడట. చెబుతుంటేనే బిడ్డ వచ్చేసిందట.

తలుపులమ్మ ఆ కబుర్లేవీ వినలేదు. మంచం కాళ్ళ వైపు కూర్చుని, దుప్పటి తీసి, కూతురి పాదాలు చూస్తోంది. గిల్లింది. తెలియడం లేదంది పిల్ల. ఇంకా గట్టిగా గిల్లింది. తెలియడం లేదమ్మా. తలుపులమ్మ మొగుడి వైపు చూడలేదు. చూడకుండానే అంతా అనేసింది. బుల్లియ్య బల్ల లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె జరగలేదు, లేచిపోనూ లేదు.

ఇద్దరూ ఆ పాదాల్నే చూస్తూ కూర్చున్నారు. కిటికీలోంచి ఎండ మంచం మీద పడి, దుప్పటి మీదుగా జరిగి, గోడ ఎక్కింది. నర్సు వచ్చి పోటు చూసి, రాసుకుని వెళ్ళింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. బుల్లియ్యకి నమ్మకం తగ్గుతూ వచ్చింది. అన్నీ చెప్పిన మనిషే గాని, చెప్పినవాళ్ళందరూ సరిగ్గానే చెబుతారా? ఫోను నంబరు ఎవర్నడగాలో మనసులో అనుకున్నాడు. లేవబోయాడు.

ఎడమ బొటనవేలు కదిలింది.

ఉబ్బిన పాదం మీద అది ఎంత చిన్న కదలికో చెప్పలేం. గాలికి కదిలిందేమో అన్నంత. తలుపులమ్మ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, మళ్ళీ కదపవే అంది. కదిలింది. ఇంకో కాలిది కూడా అంది. కాసేపటికి అదీ కదిలింది. ఇంకాసేపటికి పాదం వంగింది. తలుపులమ్మ పట్టు వదలకుండా ఆ వేలుని అటూ ఇటూ తిప్పుతూనే ఉంది.

"వదులమ్మా," అంది వీరదుర్గ చిరాగ్గా. "కుట్ల దగ్గర మంట మొదలైంది. నడుం కూడా, ఆ జీడి పెట్టిన చోటు, భగ్గుమంటోంది."

తలుపులమ్మ మొహం అప్పుడు మొగుడి వైపు తిరిగింది. గంప మాట తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది.

"నొప్పంటోందయ్యా," అంది, పెళ్ళికబురు చెబుతున్నట్టు. "నర్సమ్మని పిలు."

బుల్లియ్య లేచాడు.